సైటులో పడిపోయిన కార్మికుడి పరిహారం: స్టాంపు కాగితం మీద సంతకం పెట్టే ముందు

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది. మీ బావగారికి 32 ఏళ్లు. శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చి, కోకాపేట వైపు ఒక అపార్ట్‌మెంటు సైటులో సెంట్రింగ్ పని చేస్తున్నారు. 2025 ఆగస్టులో పరంజా జారి మూడో అంతస్తు ఎత్తు నుంచి కింద పడ్డారు. రెండు మడమల ఎముకలు విరిగాయి, నడుము దగ్గర వెన్నుపూస నలిగింది. ఆయనను పనిలో పెట్టింది మీ పక్క ఊరి మేస్త్రీ. కూలి రోజుకు 900 రూపాయలు. హాజరు మేస్త్రీ నోటు పుస్తకంలో తప్ప మరెక్కడా లేదు. ఆసుపత్రి బిల్లు 2,40,000 రూపాయలు లేబర్ కాంట్రాక్టరు కట్టాడు. ఇప్పుడు మరో లక్షన్నర ఇస్తామని, అందుకు బదులుగా ‘ఇకపై మాకు ఎవరి మీదా ఏ హక్కూ లేదు’ అని స్టాంపు కాగితం మీద సంతకం చేయమని అడుగుతున్నారు. బెల్టు పెట్టుకోలేదు కాబట్టి తప్పు ఆయనదేనని, ఆయన తమ మనిషే కాదని బిల్డరు తరఫువారు అంటున్నారు. సంతకం పెట్టవచ్చా, పెట్టకపోతే ఎవరి మీద, ఎక్కడ, ఎంతకు దరఖాస్తు చేసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

ఈ రకం కేసులు చాలా ఏళ్లుగా వాదిస్తున్న న్యాయవాదిగా ముందు చెప్పేది ఒకటే: సంతకం పెట్టవద్దు. లక్షన్నర తక్కువ కావడం ఒక కారణమే. అంతకంటే పెద్ద కారణం, ఆయనకు రావలసినది ఎంతో ఈ రోజుకు ఇంకా ఎవరూ లెక్కకట్టలేదు. వెన్నుపూస దెబ్బ మానిన తరువాత ఆయన మళ్లీ పరంజా ఎక్కగలరా, సెంట్రింగ్ పలకలు మోయగలరా అన్నది తేలకుండా చేసే పరిష్కారం ఎప్పుడూ డబ్బు ఇచ్చేవారికే లాభం.

ముందుగా ఏ చట్టం అన్న సందేహం తీర్చుకుందాం. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. పాత ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 1923 అందులో కలిసిపోయింది. ఇది విని పాత హక్కులు పోయాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రమాదం జరిగిన రోజు అమల్లో ఉన్న చట్టం ప్రకారం హక్కు ఏర్పడుతుంది కాబట్టి మీ బావగారి విషయంలో 1923 చట్టమే లెక్క. కొత్త కోడ్‌లో కూడా పరిహారం చట్రం చాలావరకు అదే. కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఏ అధికారి పేరిట రాయాలో మాత్రం ఇచ్చే ముందు అక్కడే అడిగి రాయండి. మార్పు కాలంలో ఇలాంటి చిన్న విషయాల దగ్గరే దరఖాస్తులు వెనక్కి వస్తుంటాయి.

ఇక ‘తప్పెవరిది’ అన్న వాదన. ఈ చట్టం కింద పరిహారానికి యజమాని తప్పు చేశాడని మీరు నిరూపించనవసరం లేదు. పని వల్ల, పని చేస్తున్న సమయంలో ప్రమాదం జరిగిందా, దానివల్ల గాయమైందా అన్నవే అడిగే ప్రశ్నలు. కార్మికుడు ఏమరుపాటుగా ఉన్నాడన్నది జవాబు కాదు. మూడు సందర్భాలలో మాత్రమే యజమాని తప్పించుకోగలడు: తాగి ఉండటమే ప్రమాదానికి నేరుగా కారణం కావడం, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించడం, భద్రత కోసం ఇచ్చిన సాధనమని తెలిసి కూడా కావాలని దాన్ని తీసేయడం లేదా లెక్కచేయకపోవడం. మరణం సంభవించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం కలిగినా ఈ మూడు మినహాయింపులు కూడా వర్తించవు. బెల్టు విషయానికి వస్తే, ఆ రోజు ఆ అంతస్తులో బెల్టు ఇచ్చారా, దాన్ని తగిలించడానికి తాడు ఉందా, పెట్టుకోమని చెప్పినట్లు ఏ రిజిస్టరులోనైనా రాసి ఉందా అన్నవి బిల్డరు చూపించుకోవలసిన విషయాలు. స్టోరు గదిలో బెల్టులు ఉన్నాయని చెబితే సరిపోదు. ఇలాంటి కేసులలో బెల్టు మాట నోటితో వచ్చినంత సులువుగా కాగితం మీద రాదు.

‘రోజు కూలీవాడు, మా మనిషి కాదు’ అన్న వాదనకు కూడా బలం లేదు. ఒకప్పుడు తాత్కాలిక స్వభావం గల పనివారిని ఈ చట్టం బయట ఉంచేది. 2000లో వచ్చిన సవరణతో ఆ మినహాయింపు పోయింది. నియామక పత్రం లేకపోయినా, జీతం చీటీ లేకపోయినా, అడ్డా మీద నుంచి ఆ ఉదయమే తీసుకువెళ్లినా కార్మికుడు కార్మికుడే. ఒకటికి మించిన అంతస్తులు గల భవనం కట్టే పని చట్టం షెడ్యూలులో స్పష్టంగా ఉంది.

అయితే యజమాని ఎవరు? ఇక్కడే మీ కుటుంబం ఇబ్బంది పడుతోందని మీ మాటల్లో తెలుస్తోంది. మేస్త్రీ మీ పక్క ఊరివాడు, రేపు మళ్లీ పని చూపించేది కూడా అతనే, అతని మీద కేసు ఎలా వేస్తామని మీ అక్కగారు అడుగుతున్నారు. ఈ సంకోచాన్ని నేను తేలికగా తీసుకోను. ఉత్తరాంధ్ర నుంచి గానీ పాలమూరు నుంచి గానీ వచ్చే వలస కూలీల బతుకు ఈ మేస్త్రీల చుట్టూనే తిరుగుతుంది, వారి మీద కోపం కంటే ఆధారమే ఎక్కువ. చట్టం ఈ పరిస్థితికి ఒక దారి చూపింది. 12వ సెక్షన్ ప్రకారం, తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకు ఇచ్చిన అసలు యజమాని, తన అదుపులో ఉన్న స్థలంలో ప్రమాదం జరిగితే, కాంట్రాక్టరు కింద పనిచేసే కార్మికుడికి కూడా తన సొంత కార్మికుడికి ఇచ్చినట్లే పరిహారం ఇవ్వాలి. ఇచ్చిన తరువాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం వారిలో వారు చూసుకోవలసిన లెక్క. భవనాలు కట్టి అమ్మడమే బిల్డరు వ్యాపారం, సైటు అతని అదుపులోనే ఉంది. అందువల్ల దరఖాస్తులో బిల్డరు కంపెనీని, లేబర్ కాంట్రాక్టరును, వారికి బీమా పాలసీ ఉంటే ఆ బీమా కంపెనీని ప్రతివాదులుగా చేర్చండి. మేస్త్రీ కూడా మీ బావగారిలాగే కూలి తీసుకుని ముఠాను నడిపేవాడైతే, అతన్ని ప్రతివాదిగా కాక సాక్షిగా చూడటమే మేలని నా అభిప్రాయం. అతని నోటు పుస్తకం ఈ కేసులో చాలా విలువైన కాగితం. ఆ పేజీల ఫొటోలు ఈ రోజే తీసుకోండి. అతను మంచివాడే కావచ్చు, కానీ రేపు అతని మీద ఎంత ఒత్తిడి వస్తుందో మనకు తెలియదు.

ఎంత వస్తుందన్న లెక్క చూద్దాం. చట్టంలో సూత్రం ఉంది, ఎవరి దయతోనూ పని లేదు. శాశ్వతంగా పూర్తి వైకల్యం కలిగితే నెల జీతంలో 60 శాతాన్ని, ప్రమాదం నాటి వయసును బట్టి నాలుగో షెడ్యూలులో ఇచ్చిన అంకెతో గుణించాలి. మరణిస్తే 60 బదులు 50 శాతం. జీతం ఎంత ఎక్కువ ఉన్నా లెక్కకు తీసుకునే గరిష్ఠ పరిమితి 15,000 రూపాయలు. 2020 జనవరి 3న కేంద్రం ఈ పరిమితిని 8,000 నుంచి పెంచింది. రోజుకు 900 చొప్పున నెలకు 26 రోజులు లెక్కవేసినా 23,400 అవుతుంది కాబట్టి మీ బావగారి విషయంలో 15,000 తీసుకుంటారు. 32 ఏళ్ల వయసుకు షెడ్యూలు అంకె 203.85. పదిహేను వేలలో 60 శాతం 9,000, దాన్ని 203.85తో గుణిస్తే 18,34,650 రూపాయలు. ఇది వంద శాతానికి. సంపాదన శక్తి 40 శాతం పోయిందని తేలితే 7,33,860; 60 శాతమని తేలితే 11,00,790. మీ ముందు పెట్టిన లక్షన్నరను ఈ లెక్కలో పెట్టి చూడండి: ఆయన సంపాదన శక్తిలో 8 శాతం పైచిలుకు మాత్రమే పోయిందని చెప్పినట్లు. వెన్నుపూస నలిగి, రెండు మడమలూ విరిగిన సెంట్రింగ్ కార్మికుడికి 8 శాతం!

కేసు మొత్తం ఈ శాతం మీదే నిలుస్తుంది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కొన్ని గాయాలకు శాతాన్ని చట్టమే మొదటి షెడ్యూలులో నిర్ణయించింది. ఉదాహరణకు చేతి బొటనవేలు పోతే 30 శాతం, చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం. మడమ ఎముక విరగడం, వెన్నుపూస నలగడం ఆ పట్టికలో లేవు. అలాంటప్పుడు అర్హత గల వైద్యుడు సంపాదన శక్తి ఎంత పోయిందో అంచనా వేసి చెప్పాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, మనవాళ్లు సదరం శిబిరానికి వెళ్లి, అక్కడ వచ్చిన సర్టిఫికెట్‌లోని శాతాన్నే పట్టుకువచ్చి దరఖాస్తుకు జతచేస్తారు. సదరం శాతం పింఛను కోసం, శరీరంలో వైకల్యం ఎంతో కొలిచేది. పరిహారానికి కావలసినది, ఆ వైకల్యం వల్ల ఈ మనిషి సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్న అంచనా. ఒకే కాలి దెబ్బ, కూర్చుని లెక్కలు రాసే గుమస్తాను కొద్దిగా ఇబ్బంది పెడితే, గోడ మీద నడిచి పలకలు బిగించే మనిషిని పనికి పూర్తిగా దూరం చేస్తుంది.

ఈ తేడాను సుప్రీంకోర్టు 1975లోనే నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో తేల్చి చెప్పింది. ఒడిశాలో ఒక సినిమా హాలులో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి 1968లో కింద పడ్డాడు, ఎడమ చెయ్యి తీసేయవలసి వచ్చింది. ఒక చెయ్యి పోయింది కాబట్టి పాక్షిక వైకల్యమే అని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి ఆ వృత్తికి అతను నూటికి నూరు శాతం పనికిరాకుండా పోయినట్లేనని కోర్టు అంగీకరించింది. మీ వైద్యుడికి ఈ సంగతి చెప్పడం మీ పని కాదు. కానీ మీ బావగారు చేసేది ఏ పని, రోజూ ఎంత బరువు మోస్తారు, ఎంత ఎత్తులో నిలబడతారు అన్నవి ఆయనకు వివరంగా చెప్పి, సర్టిఫికెట్‌లో ‘సెంట్రింగ్ పని చేయగల సామర్థ్యం’ గురించి, సంపాదన శక్తి నష్టం గురించి విడిగా రాయమని అడగడం మీ పనే. ఆపరేషన్ చేసిన సర్జన్ రాస్తే మంచిది. ఎందుకంటే ప్రతివాదులు ఒప్పుకోకపోతే వైద్యుడు వచ్చి సాక్ష్యం చెప్పాలి. తానే చికిత్స చేసిన వైద్యుడి మాటకు, ఒక్కసారి చూసి రాసిన వైద్యుడి మాటకు బరువు ఒకటి కాదు. చికిత్స ముగిసి, ఇంతకంటే మెరుగుపడదని సర్జన్ చెప్పే దశలో ఈ సర్టిఫికెట్ తీసుకోండి. దాని కోసం దరఖాస్తును మాత్రం ఆపవద్దు. ముందు దరఖాస్తు వేసి, సర్టిఫికెట్ తరువాత దాఖలు చేయవచ్చు.

ఆసుపత్రికి కట్టిన 2,40,000 మాట. ‘ఇప్పటికే రెండు లక్షల నలభై వేలు ఇచ్చాం, లక్షన్నరతో కలిపి దాదాపు నాలుగు లక్షలు’ అని వాళ్లు అంటున్నారని రాశారు. చట్టం ఈ లెక్కను ఒప్పుకోదు. వైద్యం కోసం యజమాని ఇచ్చిన డబ్బును పరిహారం కింద ఇచ్చినట్లు భావించరాదని నాలుగో సెక్షన్‌లో వివరణ స్పష్టంగా ఉంది. పైగా 2009 సవరణ తరువాత, గాయాలకు కార్మికుడు పెట్టుకున్న వాస్తవ వైద్య ఖర్చు కూడా యజమానే తిరిగి ఇవ్వాలి. కాబట్టి డిశ్చార్జి తరువాత మీరు కొన్న మందులు, నడుముకు కట్టే బెల్టు, ఫిజియోథెరపీ, శ్రీకాకుళంలో తీయించిన ఎక్స్‌రేలు, వీటన్నిటి బిల్లులూ విడిగా దాచండి. చీటీ లేని ఖర్చును ఏ అధికారీ ఇప్పించలేడు.

ఆగస్టు నుంచి ఇప్పటివరకు ఇంట్లో మంచం మీద గడిపిన నెలలకు కూడా లెక్క ఉంది. తాత్కాలికంగా పని చేయలేని కాలానికి నెల జీతంలో 25 శాతం చొప్పున పదిహేను రోజులకొకసారి ఇవ్వాలి. మీ బావగారి విషయంలో అది 3,750 రూపాయలు, అంటే నెలకు 7,500. అశక్తత 28 రోజులు దాటితే మొదటి రోజు నుంచే లెక్క. తరువాత శాశ్వత వైకల్యానికి వచ్చే పెద్ద మొత్తంలో ఇది సర్దుబాటు అయ్యే అవకాశం ఉంది. అయినా అడగాలి, ఎందుకంటే ఇల్లు గడవక సంతకం పెట్టే పరిస్థితి ఈ నెలల్లోనే వస్తుంది.

ఇప్పుడు ఆ స్టాంపు కాగితం సంగతి. గాయపడినవారి పరిహార హక్కును వదులుకునే లేదా తగ్గించే ఏ ఒప్పందమైనా ఆ మేరకు చెల్లదని 17వ సెక్షన్ చెబుతోంది. ఇరువైపులా నిజంగానే ఒక మొత్తానికి రాజీపడితే దానికీ పద్ధతి ఉంది: ఆ ఒప్పందాన్ని యజమాని కమిషనర్‌కు, అంటే ఈ చట్టం కింద పరిహారం తేల్చే కార్మిక శాఖ అధికారికి, పంపి నమోదు చేయించాలి. మొత్తం తక్కువగా ఉందని గానీ, మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నారని గానీ అనిపిస్తే కమిషనర్ నమోదుకు నిరాకరించవచ్చు. నమోదు చేయించకపోతే యజమాని పూర్తి పరిహారానికి బాధ్యుడిగానే ఉంటాడు. అంతేకాదు, కమిషనర్ వేరేగా చెబితే తప్ప, అప్పటికే ఇచ్చిన దానిలో సగానికి మించి తగ్గించుకోలేడు. నోటరీ ముద్ర వేసినా, ఊరి పెద్దలు సాక్షి సంతకాలు చేసినా ఈ స్థితి మారదు. మీలాగే అడిగే మరికొందరు అప్పటికే సంతకం చేసి ఉంటారు. వారికి కూడా దారి మూసుకుపోలేదని ఇందుకే చెబుతున్నాను. అయినా మీరు పెట్టవద్దని అంటున్నది ఎందుకంటే, ఆ కాగితం చెల్లదని చెప్పించుకోవడానికే విచారణలో నెలలు పోతాయి.

డబ్బు అత్యవసరమైతే లక్షన్నర తీసుకోవడంలో తప్పు లేదు. రసీదులో ‘రావలసిన పరిహారంలో భాగంగా, మిగిలిన హక్కులకు భంగం లేకుండా అందినది’ అని రాసి తీసుకోండి, వీలైతే బ్యాంకు ఖాతాలోకి వేయించుకోండి. నిజానికి బాధ్యత మేరకు వివాదం ఉన్నా, తాను ఒప్పుకున్నంత మేరకు వెంటనే చెల్లించడం లేదా కమిషనర్ దగ్గర జమచేయడం యజమానికి చట్టం పెట్టిన విధి. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడుతుందని పైన చెప్పిన 1975 తీర్పులోనే ఉంది. నెలలోగా ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేని ఆలస్యమైతే 50 శాతం వరకు జరిమానా. ఏడు లక్షల ముప్పై మూడు వేల మీద వడ్డీ ఒక్కటే ఏడాదికి 88,000 అవుతుంది. వడ్డీ బీమా కంపెనీ కట్టవచ్చు గానీ జరిమానా మాత్రం యజమాని సొంత జేబులోంచే రావాలని సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. కాలయాపన చేసే కాంట్రాక్టరుకు ఈ ఒక్క మాట నోటీసులో రాస్తే, చాలాసార్లు మాట తీరు మారుతుంది.

ఎక్కడ వేయాలన్నది మీకు అన్నిటికంటే ఊరటనిచ్చే విషయం అనుకుంటాను. ప్రమాదం హైదరాబాద్ దగ్గర జరిగినా, దరఖాస్తు కోసం అక్కడికి తిరగనవసరం లేదు. ప్రమాదం జరిగిన చోట గానీ, దరఖాస్తుదారుడు సాధారణంగా నివసించే చోట గానీ, యజమాని రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న చోట గానీ వేయవచ్చని 21వ సెక్షన్ అనుమతిస్తోంది. కాబట్టి మీ జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలోనే, ఈ అధికారాలు ఉన్న కార్మిక శాఖ అధికారి ముందు వేసుకోండి. ఆధార్, రేషన్ కార్డు మీద ఊరి చిరునామా ఉంటే నివాసానికి ఆధారం చాలు. గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్లు, అంటే మీకు 2027 ఆగస్టు వరకు. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఉంది, కానీ దాని మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోవద్దు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. వాస్తవంలో అంతకంటే చాలా ఎక్కువ పడుతుందని ముందే మనసులో ఉంచుకోండి.

దరఖాస్తుకు ముందు బిల్డరుకు, కాంట్రాక్టరుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ప్రమాదం తేదీ, సమయం, చోటు, గాయాలు, చేస్తున్న పని, కూలి రాయండి. నోటీసు ఇంతవరకు ఇవ్వలేదని భయపడవద్దు. ప్రమాదం సంగతి యజమానికి వేరే విధంగా తెలిసి ఉంటే నోటీసు లోపం అడ్డం కాదు, ఆసుపత్రి బిల్లు కట్టినవాడు తెలియదని అనలేడు. ఆ బిల్లు ఎవరి పేరుతో కట్టారో చూపే రసీదు ఈ కారణంగానే మీకు బంగారం.

సాక్ష్యం విషయంలో ముఖ్యమైనది ఆసుపత్రిలో చేర్చిన రోజు రాసిన ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు, అంటే గాయం ఎలా అయిందో ఆసుపత్రివారు నమోదు చేసే) రిజిస్టరు నకలు. కొన్నిసార్లు అందులో ‘ఇంటి దగ్గర మెట్ల మీద నుంచి పడ్డాడు’ అనో, ‘బండి మీద నుంచి పడ్డాడు’ అనో రాయిస్తారు. మీ విషయంలో ఏం రాశారో వెంటనే తెలుసుకోండి. తప్పుగా ఉంటే, ఆ మాట ఎవరు చెప్పి రాయించారో ఆరా తీసి, అదే రోజు అదే సైటులో పనిచేసిన ఇద్దరు ముగ్గురి పేర్లు, ఊళ్లు, ఫోను నంబర్లు రాసిపెట్టుకోండి. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ ఫిల్ములు, సైటు గేటు దగ్గర కంపెనీ బోర్డు ఫొటో, మేస్త్రీ ఫోన్‌పేలో పంపిన కూలి డబ్బుల వివరాలు, వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజీలు, అన్నీ పనికివస్తాయి. ఇవేవీ లేకపోయినా కేసు పోదు. కూలి ఎంతో నిరూపించలేని చోట ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనాన్ని ఆధారం చేసుకునే అవకాశం ఉంటుంది.

పోలీసు కేసు పెట్టాలా అని అడిగారు. నిర్లక్ష్యం వల్ల తీవ్ర గాయమైతే ఫిర్యాదు చేసే హక్కు మీకుంది, ఎఫ్‌ఐఆర్ ప్రమాదం ఎక్కడ ఎలా జరిగిందో చెప్పే బలమైన కాగితం కూడా. కానీ అది పరిహారానికి తప్పనిసరి కాదు, పరిహారం ఇప్పించేది పోలీసులూ కాదు. స్టేషనులో కూర్చోబెట్టి ‘కేసు వద్దు, ఇంత తీసుకోండి’ అని జరిగే బేరాల్లోకి మీ బావగారి హక్కును తీసుకువెళ్లకండి.

మరో రెండు తలుపులు తట్టి చూడాలి. మొదటిది ఇఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా. ఆయన పేరు మీద బీమా నంబరు ఉండి, ప్రమాదం నాటికి ఆయన ఇఎస్ఐ పరిధిలో ఉంటే, ఈ చట్టం కింద పరిహారం రాదు. దాని బదులు ఇఎస్ఐ నుంచి వేతనంలో 90 శాతం లెక్కన తాత్కాలిక కాలానికి చెల్లింపు, శాశ్వత వైకల్యానికి శాతాన్ని బట్టి జీవితాంతం నెలవారీ చెల్లింపు, ఉచిత వైద్యం ఉంటాయి. చాలామందికి ఇదే మేలైన దారి. దాని పరిధి నెలకు 21,000 రూపాయల వేతనం వరకే కాబట్టి మీ బావగారు దాటి ఉండవచ్చు. కానీ కాగితాల మీద తక్కువ చూపించి నమోదు చేశారేమో, అదీ ప్రమాదం తరువాతి తేదీన చేశారేమో కనుక్కోండి. రెండోది భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి. అందులో సభ్యత్వం ఉంటే వచ్చే సహాయం వేరు, యజమాని ఇచ్చే పరిహారం వేరు. ఒకటి తీసుకుంటే రెండోది పోదు. బ్యాంకు పాస్‌బుక్‌లో ఏడాదికి 20 రూపాయలు ప్రధానమంత్రి సురక్షా బీమా కింద తగ్గుతున్నాయేమో కూడా చూడండి. అయితే గాయాల విషయంలో ఆ పథకం కాలో, చెయ్యో, చూపో పోయినప్పుడే వర్తిస్తుంది కాబట్టి ఈ గాయాలకు దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

సైటుకు వెళ్లే దారిలో ఆటో బోల్తాపడి గాయపడినవారి సంగతేమిటని మీ ప్రశ్న కింద ఒకరు అడిగారు. రాకపోకల్లో జరిగిన ప్రమాదానికీ పనికీ సమయం, చోటు, పరిస్థితుల సంబంధం ఉంటే అది పనిలో జరిగినట్లేనని, రాత్రి కాపలా పనికి బయలుదేరి దారిలో మరణించిన చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. కొత్త కోడ్‌లో ఈ మాట నేరుగా రాసి ఉంది. అయితే వాహన ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కూ వెళ్లవచ్చు, ఇక్కడికీ రావచ్చు, రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. ట్రిబ్యునల్‌లో 15,000 పరిమితి లేదు, కాని సాధారణంగా అవతలి డ్రైవరు తప్పు నిరూపించాలి. తప్పు ఎవరిదో స్పష్టంగా ఉన్నప్పుడు ట్రిబ్యునల్, లేనప్పుడు ఈ చట్టం అని నేను సలహా ఇస్తుంటాను.

చివరిగా, మీ తరఫున ఎవరు నిలబడాలన్నది. న్యాయవాది లేకుండా కూడా ఈ అధికారి ముందు హాజరు కావచ్చు. రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి మీ తరఫున మాట్లాడవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని కూడా పొందవచ్చు, ఫోను నంబరు 15100. ‘నేను చూసుకుంటాను, వచ్చినదాంట్లో మూడో వంతు నాకు రాసివ్వు’ అనే దళారులు ఆసుపత్రి దగ్గర, కార్యాలయాల దగ్గర తిరుగుతుంటారు. ఈ పరిహారాన్ని ఎవరికీ రాసివ్వడానికి గానీ, అప్పు కింద జప్తు చేయడానికి గానీ వీల్లేదని తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. ఆర్డరు వచ్చాక కూడా కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా రెవెన్యూ వసూలు చేయించవచ్చు. యజమాని హైకోర్టులో అప్పీలు చేయాలంటే ముందు మొత్తం డబ్బు జమచేయాలి.

డిశ్చార్జి సమ్మరీలో వెన్నుపూస గురించి ఏం రాశారో, ఎం.ఎల్.సి.లో ప్రమాద కారణం ఏమని ఉందో, ఇఎస్ఐ నంబరు ఉందో లేదో తెలుసుకుని ఇక్కడ రాయండి. నోటీసులో ఏమేం ఉండాలో వాటిని బట్టి చెబుతాను. పేర్లు, ఫోను నంబర్లు, ఆసుపత్రి పేరు మాత్రం ఇక్కడ పెట్టకండి.